అంచు నుంచి సెంటర్‌కి: విల్లివాక్కం మేడ మీది చెస్ క్లాసు

మా అమ్మాయి చెన్నై విల్లివాక్కంలో ఒక చెస్ క్లాసుకి వెళ్లబట్టి పదకొండు నెలలైంది. ఇన్నాళ్లూ దాని గురించి రాయలేదు. నాకు చెస్ సరిగ్గా రాదు, రాని పని గురించి బాగుందనో బాలేదనో రాయడం నాకిష్టం ఉండదు. పోయిన నెల ఒక టోర్నమెంటులో అమ్మాయి తెల్లపావులతో ఒక ఆట గెలిచింది. ఆ ఆట కాగితం ముందు పెట్టుకుని, రాత్రిళ్లు భోజనాలయ్యాక బోర్డు మీద ఒక్కో ఎత్తూ పెట్టి చూసుకుంటూ పది రోజులు కూర్చున్నాను. అప్పుడు తెలిసింది ఆ మేడ మీద ఏం నేర్పిస్తున్నారో. అందుకే ఇప్పుడు రాస్తున్నాను.

సార్ పేరు రాయను. ఆయనే వద్దన్నారు. ఉన్న ఇరవైమందికే గది చాలడం లేదు, ఇంకా పిల్లలొస్తే కాదనలేను అన్నారు. విల్లివాక్కం స్టేషన్లో దిగి మార్కెట్ వైపు నడుస్తూ, చెస్ సార్ ఇల్లు ఎక్కడని అడిగితే కూరగాయల వాళ్లే చూపిస్తారు. అంతకన్నా గుర్తులు అక్కర్లేదు.

మాది నాయుడుపేట. అంబత్తూరు ఎస్టేట్‌లో చిన్న లేత్ షెడ్డు నడుపుతున్నాను. రెండు లేత్‌లు (లోహపు ముక్కని తిప్పుతూ చెక్కే మెషీన్లు), ఒక డ్రిల్లింగ్ మెషీను, ముగ్గురు పనివాళ్లు. ఇల్లు కొరట్టూరులో, అంటే విల్లివాక్కం పక్క స్టేషనే. అమ్మాయి ఏడో తరగతి. స్కూల్లో మూడో తరగతి నుంచే ఆడుతోంది కానీ మేం దాన్ని ఏదో ఆటలాగే చూశాం. 2024 డిసెంబరులో గుకేశ్ సింగపూర్‌లో డింగ్ లిరెన్‌ని ఓడించి పద్దెనిమిదేళ్లకే ప్రపంచ చాంపియన్ అయినప్పుడు మాత్రం మా ఇంట్లో పండగ చేసుకున్నాం. మన తెలుగువాళ్ల అబ్బాయి, పుట్టి పెరిగింది ఈ చెన్నైలోనే. ఆ వారమే మా ఆవిడ, "దీన్ని కూడా మంచి క్లాసులో వేద్దామండీ" అంది.

మొదట వేసిన క్లాసు ఇది కాదు. ఏసీ హాలు, గోడనిండా కప్పులు, ఆరు నెలల ఫీజు ముందే కట్టాలి. కట్టాం. మూడు నెలల్లో ముగ్గురు టీచర్లు మారారు. నాలుగు ఎత్తుల్లో ఆట కట్టించే చిట్కా, ఎదుటివాడు ఏమరుపాటుగా ఉంటే మంత్రిని కొట్టేసే చిట్కా, ఇలాంటివే నేర్పారు. అమ్మాయి స్కూల్లో రెండు వారాలు గెలిచింది, తర్వాత పిల్లలందరికీ ఆ చిట్కాలు తెలిసిపోయాయి. వరసగా ఓడిపోయి ఇంటికొచ్చి బోర్డు మంచం కిందకి తోసేసింది. మిగిలిన మూడు నెలల డబ్బు అడిగితే ఇవ్వలేదు. ఆ సంగతి అంతటితో వదిలేశాం.

విల్లివాక్కం సార్ రైల్వేలో క్లర్కుగా చేసి రిటైరయ్యారు. తమిళాయన. కుర్రతనంలో మద్రాసులో సోవియట్ కల్చరల్ సెంటర్లో ఉండే తాల్ చెస్ క్లబ్బుకి ఆఫీసు అవగానే వెళ్లేవారట. చెస్ ఆటగాడు మాన్యుయెల్ ఆరన్ 1972లో మొదలుపెట్టిన క్లబ్బు అది. చిన్నప్పుడు విశ్వనాథన్ ఆనంద్ ఆడి పెరిగింది అక్కడే. సార్ ఆ రోజుల గురించి గొప్పగా చెప్పుకోరు. అడిగితే, "అక్కడ ఎక్కువగా ఓడిపోవడమే నేర్చుకున్నాను, బాగా నేర్చుకున్నాను" అన్నారు. ఆ మాట నాకు నచ్చింది.

క్లాసు శని, ఆదివారాలు సాయంత్రం నాలుగు నుంచి ఆరున్నర దాకా. ఫీజు నెలకి 1800 రూపాయలు, ఏ నెలకానెల. ముందుగా కట్టమని అడగరు. గది మేడ మీద రేకుల కప్పు కింద. ఎండాకాలం చాలా కష్టం. పోయిన మే నెలలో పిల్లలు చొక్కాలు తడిసి దిగేవాళ్లు. రెండు ఫ్యాన్లు ఉన్నా వేడిగాలే తిరుగుతుంది. మెట్లు నిటారుగా ఉంటాయి, వానలో జారతాయి. పట్టుకోవడానికి ఒకవైపే కమ్మీ ఉంది. తల్లిదండ్రులు కూర్చునే చోటు లేదు, నేను మెట్ల మీదే కూర్చుంటాను. మా నాన్న ఒకసారి మనవరాలి ఆట చూద్దామని వచ్చి సగం మెట్లెక్కి వెనక్కి దిగిపోయారు. పెద్దవాళ్లను తీసుకెళ్లేవాళ్లు ఈ సంగతి తెలుసుకుని వెళ్లాలి.

ఇంకో ఇబ్బంది భాష. సార్ చెప్పేది తమిళంలో, బోర్డు మీద రాసేదీ తమిళమే. మా అమ్మాయికి తమిళం బాగానే వచ్చు, అయినా మొదటి వారమే ఒక తికమక పడింది. మన ఇంట్లో మంత్రి అంటే రాజు పక్కన నిలబడే అతి బలమైన పావు కదా. తమిళంలో దాన్ని రాణి అంటారు. వాళ్లు మందిరి అనేది మూలగా నడిచే బిషప్‌ని. సార్ "మందిరిని మార్చు" అంటే, అంటే ఎదుటివాళ్ల పావుకి బదులుగా ఇచ్చేయమంటే, మా అమ్మాయి మంత్రిని తీసుకెళ్లి ఎదుటి పిల్ల మంత్రికి ఎదురుగా పెట్టింది. సార్‌కి ముందు అర్థం కాలేదు. సంగతి తెలిశాక బోర్డు మీద రెండు నిలువు వరసలు గీసి, ఒకదానిలో తమిళం పేర్లు, రెండోదానిలో తెలుగు పేర్లు మా అమ్మాయి చేతే రాయించారు. యానై, ఏనుగు. కుదిరై, గుర్రం. ఐసీఎఫ్ (రైలు పెట్టెల ఫ్యాక్టరీ) కాలనీ నుంచి వచ్చే తెలుగు పిల్లలు ఇంకో ఇద్దరున్నారు, వాళ్లకీ పనికొచ్చింది. ఆ పట్టిక ఇప్పటికీ గోడ మీద ఉంది. నేను ఇక్కడ మంత్రి అని రాస్తే మన మంత్రి అనే అర్థం. బిషప్‌ని బిషప్ అనే రాస్తాను, గొడవ లేకుండా.

ఇక నేర్పే పద్ధతి. ఇదే అసలు సంగతి, కాబట్టి కొంచెం నిదానంగా చెబుతాను.

తెల్లపావులతో ఆడేటప్పుడు ఈ సార్ దగ్గర పిల్లలందరూ మొదటి ఏడాది ఒకటే ఓపెనింగ్, అంటే ఆట మొదలుపెట్టే పద్ధతి, ఆడాలి. సి4. బోర్డు నిలువు వరసలకి ఏ నుంచి హెచ్ దాకా అక్షరాలు, అడ్డ వరసలకి తెల్లవైపు నుంచి 1 నుంచి 8 దాకా అంకెలు, రెండూ కలిపితే గడి పేరు. సి4 అంటే రాజు ముందు బంటునో, మంత్రి ముందు బంటునో కాకుండా, పక్కనున్న సి వరస బంటును రెండు గళ్లు ముందుకి జరపడం. దీన్ని ఇంగ్లిష్ ఓపెనింగ్ అంటారు. 1843లో పారిస్‌లో ఫ్రెంచి ఆటగాడు సెయింట్ అమాంతో జరిగిన పోటీలో ఇంగ్లండ్ ఆటగాడు హోవర్డ్ స్టాంటన్ దీన్ని ఆడాడు, ఆ పేరు అలా వచ్చింది. మనం బల్ల మీద పెట్టుకునే ఈ రకం పావులకి కూడా స్టాంటన్ పేరే. ఇలా నడిమధ్య గళ్లలోకి బంట్లు తోయకుండా పక్కల నుంచి మొదలుపెట్టే వాటన్నిటినీ ఫ్లాంక్ ఓపెనింగ్స్ అంటారని సార్ చెప్పారు. 1924లో న్యూయార్క్‌లో రెటి ఇలాగే పక్క నుంచి మొదలుపెట్టి, ఎనిమిదేళ్లుగా ఓటమన్నది ఎరగని అప్పటి ప్రపంచ చాంపియన్ కాపబ్లాంకాని ఓడించాడు.

మొదట్లో నాకు ఈ పద్ధతి మీద అనుమానం ఉండేది. పిల్లలకి దూకుడుగా ఆడే ఓపెనింగ్ నేర్పాలి గానీ ఇలా పక్కన కూర్చుని ఏం చేస్తారు అనుకున్నాను. మెట్ల మీద కూర్చుని వింటూ వింటూ ఒకరోజు సార్ చెప్పిన మాట చెవిన పడింది. సి4 బంటు చూసేది డి5 గడిని. సి3కి వచ్చిన గుర్రం చూసేదీ డి5నే. జి3 తోసి జి2లో పెట్టిన బిషప్ కూడా ఆ మూలగీత మీద డి5నే చూస్తుంది. మూడూ అంచున నిలబడ్డాయి, మూడింటి కన్నూ నడిమధ్యనే.

నా పని గుర్తొచ్చింది. లేత్ మీద ముక్క ముఖం చదును చేయడాన్ని ఫేసింగ్ అంటాం. టూల్‌ని బయటి అంచున ఆనించి మెల్లగా సెంటర్ వైపు తీసుకొస్తాం. టూల్ మొన సరిగ్గా సెంటర్ ఎత్తుకి కట్టుకోకపోతే ముఖమంతా నున్నగా వస్తుంది గానీ చివర నడిమధ్యన జొన్నగింజంత బొడిపె మిగిలిపోతుంది. ఆ బొడిపె చూస్తే చాలు, పనివాడు మొదట్లోనే టూల్ తప్పు కట్టాడని చెప్పొచ్చు. కొత్తగా చేరిన కుర్రాళ్లకి నేను రోజూ చెప్పేది అదే. చెయ్యి అంచు దగ్గరున్నా లెక్క సెంటర్‌దే. సార్ పిల్లలకి చెబుతున్నది కూడా ఇదేనని ఆ రోజు నాకనిపించింది. అప్పటి నుంచి అనుమానం పోయింది.

నేర్పడానికి ఆయన పెద్ద పెద్ద పుస్తకాలు తేరు. ఒక ఆట తీసుకుంటారు, నాలుగు వారాలు అదే నడుస్తుంది. మా అమ్మాయి చేరాక మొదట తీసుకున్నది 1987లో స్పెయిన్‌లోని సెవిల్లాలో ప్రపంచ చాంపియన్ పోటీలో అప్పటి చాంపియన్ కాస్పరోవ్, అతన్ని సవాలు చేసిన కార్పోవ్ ఆడిన 24వ ఆట. అప్పటికి కార్పోవ్‌కి 12 పాయింట్లు, కాస్పరోవ్‌కి 11. ఆఖరి ఆట అది. కార్పోవ్‌కి డ్రా చాలు, ప్రపంచ చాంపియన్ అయిపోతాడు. కాస్పరోవ్ గెలిచి తీరాలి, అదీ అంతకుముందు ఆట ఓడిపోయి వచ్చి. అలాంటప్పుడు ఎవరైనా ఏం చేస్తారు? మీద పడిపోతారు. కాస్పరోవ్ సి4 ఆడాడు. తర్వాత గుర్రం, జి3, బి3. రెండు బిషప్పుల్నీ రెండు పక్కల నుంచి పెట్టి, కోట కట్టుకుని (రాజుని ఏనుగు చాటుకి పక్కకి చేర్చి), తొందర లేకుండా కూర్చున్నాడు. ఒక్కో ఎత్తుకీ ఎదుటివాడి మీద కొద్దికొద్దిగా బరువు పెంచుతూ పోయాడు. ఆట ఆ రోజు తేలలేదు, మర్నాడు కొనసాగింది. 64 ఎత్తులకి కార్పోవ్ ఓటమి ఒప్పుకున్నాడు. 12-12 అయ్యింది, సమమైతే టైటిల్ పాత చాంపియన్‌దే కాబట్టి అది కాస్పరోవ్ దగ్గరే ఉండిపోయింది.

సార్ ఈ ఆటని వారానికి పదహారు ఎత్తుల చొప్పున చెబుతారు. ప్రతి ఎత్తు దగ్గరా ఆపి, మీరైతే ఏం ఆడతారు, ఎందుకు అని అడుగుతారు. నోటితో చెబితే ఒప్పుకోరు, నోటుబుక్కులో రాయాలి. ఎత్తు తప్పైనా ఏమీ అనరు. కారణం రాయకపోతే మాత్రం ఇంటికి పంపించి రాసుకు రమ్మంటారు. మా అమ్మాయి నోటుబుక్కులో ఒకచోట "ఈ ఎత్తు బాగుంది కాబట్టి" అని రాస్తే దాని కింద ఎర్ర పెన్నుతో, "దేనికి బాగుంది?" అని రాసి ఉంది.

ఓపెనింగ్ ఒక్కటే ఆట గెలిపిస్తుందని ఆయన చెప్పరు, అది కూడా నాకు నచ్చింది. 2013లో ఇదే చెన్నైలో ఆనంద్, కార్ల్‌సన్ ప్రపంచ పోటీ ఆడినప్పుడు, కార్ల్‌సన్ మొదటి ఆటని గుర్రంతో, జి3తో పక్క నుంచే మొదలుపెట్టాడు. 16 ఎత్తుల్లో డ్రా అయిపోయింది. అయిదో ఆట సి4తో మొదలై రెండో ఎత్తుకే డి4 పడి వేరే దారిలోకి వెళ్లింది. అది 58 ఎత్తులు ఆడి గెలిచాడు. ఈ రెండు ఆటలూ పక్కపక్కన పెట్టి చూపించి, "తలుపు తీయడం వేరు, ఇల్లు చక్కబెట్టుకోవడం వేరు" అని తమిళంలో అన్నారు.

ఇక మా అమ్మాయి ఆట.

టోర్నమెంటు ఒక కల్యాణ మండపంలో. ఒక్కొక్కరికి తొంభై నిమిషాలు, ఎత్తుకి ముప్పై సెకన్లు కలుస్తాయి. పెద్దవాళ్లను లోపలికి రానివ్వరు. నేను బయట వేపచెట్టు కింద మూడున్నర గంటలు నిలబడ్డాను. అమ్మాయికి ఈమధ్యే రేటింగ్ (ఎంత బాగా ఆడతారో చెప్పే అంకె) వచ్చింది, 1423. ఎదుటి అబ్బాయిది 1587. వాడు మా అమ్మాయి కన్నా రెండేళ్లు పెద్ద. లోపల ఏం జరుగుతోందో తెలియక టెన్షన్‌తో రెండు టీలు, మూడు వడలు అయిపోయాయి. బయటికొచ్చి ఏమీ మాట్లాడకుండా ఆట కాగితం నా చేతిలో పెట్టింది. అది పసుపు రంగు నకలు. అడుగున 1-0 అని, దాని కింద వాడి సంతకం.

నేను ఈ పది రోజులూ చూస్తున్నది ఆ కాగితాన్నే. పెన్ను ఎంత గట్టిగా నొక్కి రాసిందంటే వెనక్కి తిప్పి వేలితో తడిమితే అక్షరాలు తగులుతాయి. ప్రతి ఎత్తు పక్కనా చిన్న అంకె ఉంటుంది, గడియారంలో మిగిలిన నిమిషాలు. అది సార్ పెట్టిన నియమం. నల్లపావుల అబ్బాయి ఎత్తుల పక్కన ఏమీ ఉండదు, తనవాటి పక్కనే.

ఆట ఇలా మొదలైంది. సి4కి వాడు ఇ5 తోశాడు. ఇద్దరూ గుర్రాలు తీశారు, అమ్మాయి జి3 తోసింది, వాడు డి5 తోశాడు. నాలుగో ఎత్తుకి మా సి బంటు వాడి డి బంటుని కొట్టింది, వాడు గుర్రంతో తిరిగి కొట్టాడు. అంటే మొదటి ఎత్తులో కదిలిన ఆ బంటు నాలుగో ఎత్తుకే బోర్డు మీద లేదు. కానీ అది పోతూ సి వరసని మా ఏనుగులకి తెరిచిపెట్టి పోయింది. ఆ సంగతి గుర్తుంచుకోండి.

వాడి గుర్రం బి6కి వెనక్కి వెళ్లింది. రెండు వైపులా కోట కట్టుకున్నారు. అమ్మాయి డి3, ఏ3, బి4 తోసింది. పదకొండో ఎత్తుకి గుర్రం ఇ4కి, పద్నాలుగో ఎత్తుకి సి5కి. వాడు ఆ గుర్రాన్ని బిషప్‌తో కొట్టేశాడు, అమ్మాయి ఏనుగుతో తిరిగి కొట్టింది. తర్వాత మంత్రి సి2కి, రెండో ఏనుగు సి1కి. సి వరసలో మూడు పావులు ఒకదాని వెనక ఒకటి. వాటి ఎదురుగా సి6లో వాడి గుర్రం, దాని వెనక సి7లో వాడి బంటు. ఆ గుర్రం ఆ వరసకి మూసిన తలుపులా ఉంది. తలుపు వెనక బంటుకి కాపలా డి7లో ఉన్న ఏనుగు.

పదిహేడో ఎత్తు పక్కన 52 అని ఉంది. పద్దెనిమిదో ఎత్తు పక్కన 31. ఒక్క ఎత్తుకి ఇరవై నిమిషాలకు పైగా ఆలోచించింది. ఆడిన ఎత్తు చూస్తే ఏమీ లేదు. ఎఫ్3లో గుర్రాన్ని డి2కి వెనక్కి తీసింది, అంతే. ముందు నాకు అర్థం కాలేదు. బాగున్న గుర్రాన్ని వెనక్కి ఎందుకు తీశావమ్మా అన్నాను.

"నాన్నా, వాడివి అన్నీ ఇరుకుగా ఉన్నాయి, డి5లో బిషప్ ఒక్కటే సుఖంగా కూర్చుంది. గుర్రం తప్పుకుంటే నా బిషప్‌కి దారి వస్తుంది, రెండూ మారిపోతాయి. సార్ ఎప్పుడూ అదే అడుగుతారు కదా, వాళ్లలో ఎవరు సుఖంగా ఉన్నారు అని."

అక్కడ చూపిన ఓపికే నేను చెప్పదలుచుకున్నది. ఏడాది కిందట ఇదే పిల్ల ఆ చోట మంత్రిని తీసుకుని మీదకి పోయేది. ఇరవై నిమిషాలు కూర్చుని, ఎదుటివాడి పావుల్లో ఏది సుఖంగా ఉందో వెతికి, దాని కోసం తన గుర్రాన్ని వెనక్కి తీసుకోవడం ఎవరో దగ్గర కూర్చుని నేర్పితే తప్ప రాదు.

బిషప్పులు మారాయి. వాడికి ఏం చేయాలో తోచక, సి6 గుర్రాన్ని డి4లోకి ఎగరేశాడు. మా మంత్రి మీదికి. చూడ్డానికి ఎంతో మంచి ఎత్తు. కానీ తలుపు తెరుచుకుంది. అమ్మాయి బి2 బిషప్‌తో ఆ గుర్రాన్ని కొట్టింది. వాడు డి7 ఏనుగుతో తిరిగి కొట్టాడు. ఆ ఏనుగు కదలడంతో సి7 బంటుకి కాపలా పోయింది. ఇరవై ఒకటో ఎత్తుకి సి5 ఏనుగు నేరుగా వెళ్లి సి7 బంటుని కొట్టింది. నాలుగో ఎత్తుకి మా సి బంటు పోతూ తెరిచిన వరస ఇరవై ఒకటో ఎత్తుకి పనికొచ్చింది. కాగితం మీద ఆ ఎత్తు మాత్రం మిగతావాటి కన్నా పెద్ద అక్షరాల్లో ఉంది. ఆనందంతో చెయ్యి పెద్దదైపోయినట్టుంది.

ఆ తర్వాత ఒక జత ఏనుగులు మారాయి. డి2లోకి వెనక్కి వెళ్లిన ఆ గుర్రమే బి3 మీదుగా 24వ ఎత్తుకి సి5లో కూర్చుంది. ఆట మొదట్లో ఒక గుర్రం కూర్చుని పోయిన గడి అది. అక్కడి నుంచి ఒక బంటు ఎక్కువతో మంత్రులు, మిగిలిన ఏనుగులు ఒకటొకటిగా మార్చుకుంటూ గుర్రాల ఆఖరాటలోకి వచ్చింది. 57వ ఎత్తుకి వాడు చెయ్యి చాపాడు. ఆ ముప్పై ఎత్తులు నేను వివరంగా రాయలేను, నాకు అంత తెలియదు. అబ్బాయి మాత్రం మర్యాద గలవాడు. బయటికొచ్చాక వాళ్లమ్మ పక్కన నిలబడే "బాగా ఆడావు" అని చెప్పి వెళ్లాడు.

ఈ క్లాసుకి ఎవరిని పంపొచ్చు, ఎవరికి కుదరదు అని అడిగేవాళ్లకి నా అభిప్రాయం చెబుతాను. రెండు నెలల్లో కప్పు తేవాలనుకునే వాళ్లకి ఇది కుదరదు. మొదటి అయిదు నెలలు మా అమ్మాయి గెలిచిన దాని కన్నా డ్రా చేసినవే ఎక్కువ. మా అమ్మాయితో పాటు చేరిన ఒక బాబు, రోజూ ఇదే సి4 ఆడలేనని ఏడ్చి మానేశాడు. మంచి తెలివైన పిల్లవాడు, ఎదురుగా పడి కొట్టుకునే ఆట ఇష్టం. అలాంటి పిల్లలకి వేరే ఓపెనింగ్ ఒకటైనా నేర్పొచ్చు కదా అని నేను సార్‌తో అన్నాను. ఏడాది తర్వాత అన్నారు. ఈ విషయంలో నేను ఆయనతో ఏకీభవించను. ఆ బాబు ఆ ఏడాది ఆగలేదు, ఆగలేకపోవడం పిల్లవాడి తప్పు కాదు.

ఇంకో లోటు, కంప్యూటర్ వాడరు. ఇప్పుడు ఆడిన ఆటని ఫోన్లో ఎక్కిస్తే ఏ ఎత్తు తప్పో నిమిషంలో చెబుతుంది. సార్ దగ్గర ఆ పద్ధతి లేదు. ఇంట్లో చూసుకోండి, కానీ మీ సొంత కారణం రాశాకే చూడండి అంటారు. ఇది నాకు ఇబ్బందిగా అనిపించలేదు. పెద్ద టోర్నమెంట్లకి వెళ్లే పిల్లలకి మాత్రం ఇంకో చోట కూడా సాయం కావాల్సి వస్తుంది.

పావులు, బోర్డులు పాతవి. చుట్టబెట్టే పచ్చ వినైల్ బోర్డుల అంచులు లేచిపోయాయి, పుస్తకాలు బరువు పెట్టి చదును చేస్తారు. పావులు ప్లాస్టిక్కే గానీ అడుగున ఇనుప ముక్క ఉన్నవి, చేతికి బరువు తెలుస్తుంది. ఒక సెట్టులో నల్ల ఏనుగు పోయి, దాని బదులు సీసా మూత పెట్టి ఆడిస్తుంటే నాకు మనసు ఒప్పలేదు. షెడ్డులో 32 మిల్లీమీటర్ల ఇత్తడి రాడ్డు ముక్క ఒకటి ఉంది. ఒక ఆదివారం పొద్దున్న లేత్ మీద కట్టి, ఉన్న ఏనుగు కొలతలు తీసుకుని దానిలాగే తిప్పాను. నడుము దగ్గర సన్నం చేయడం, పైన గిన్నెలా తొలవడం, ఆ గిన్నె అంచుకి ఆకురాయితో నాలుగు గాట్లు పెట్టడం, మొత్తం రెండు గంటలు పట్టింది. నల్ల రంగు వేసి అడుగున పచ్చ గుడ్డ అతికించి ఇచ్చాను. సార్ చేతిలోకి తీసుకుని బల్ల మీద రెండుసార్లు పెట్టి చూసి, ఆ సెట్టు మీదే కూర్చుని నాతో ఒక ఆట ఆడారు. నేను చెస్ సరిగ్గా కూర్చుని ఆడింది అదే మొదటిసారి. పద్దెనిమిది ఎత్తుల్లో ఓడిపోయాను. ఓడినందుకు ఏమీ అనలేదు, ఏడో ఎత్తు ఎందుకు ఆడారు అని అడిగారు.

గెలిచిన ఆట కాగితం మరుసటి శనివారం సార్‌కి చూపించింది. మెట్ల మీద నుంచి చూస్తున్నాను, శభాష్ అంటారేమోనని. ఆయన ఇరవై ఒకటో ఎత్తు దగ్గర ఆగలేదు. పద్దెనిమిదో ఎత్తు పక్కన చిన్న టిక్కు పెట్టారు. వేలితో గీత పొడుగునా కిందకి వస్తూ నలభై ఒకటో ఎత్తు దగ్గర ఆగి ఎర్ర పెన్నుతో సున్నా చుట్టారు. అక్కడ రాజును నడపాల్సింది, అమ్మాయి బంటు తోసింది. ఎదుటివాడు చూసుకుని ఉంటే డ్రా చేసుకునేవాడట. ఎందుకు తోశావో రాసుకుని రా అన్నారు.

ఇది రాస్తున్నప్పుడు అమ్మాయి నా పక్కనే బోర్డు పెట్టుకుని కూర్చుంది. మూడు లైన్లు రాసి రెండు కొట్టేసింది. జూన్ నుంచి మా చిన్నోణ్ణి కూడా పంపుదామని మా ఆవిడ అంటోంది. వాడికి ఆరేళ్లు. ఆ మెట్లకి రెండో వైపు కూడా కమ్మీ కొట్టిస్తానని సార్‌తో చెప్పాను, పైపు ఇప్పటికే కోయించి ఉంచాను.